సంచి కుట్టుకు రేటేది?

మా ఉత్తర తెలంగాణలో రేటు లేని చేతిపని దొరకడం కష్టం. ఆదిలాబాద్ అడవుల్లో తునికాకు తెంపితే యాభై ఆకుల కట్టకింత. ఆ ఆకుతో కోరుట్లలో, మెట్‌పల్లిలో, సిరిసిల్లలో బీడీలు చుడితే వెయ్యికింత. పత్తి ఏరితే కిలోకింత. సాంచా (మరమగ్గం) నడిపితే మీటరుకింత. బడిపిల్లల యూనిఫాం కుడితే జతకింత. 2024లో ఆ కూలి 50 రూపాయల నుంచి 75కు పెరిగింది. ఈ రేట్లు చాలవని కొట్లాడుతూనే ఉంటాం. ధర్నాలు చేస్తాం, కలెక్టరేట్ ముందు కూర్చుంటాం. కొట్లాడటానికైనా అక్కడ ఒక అంకె ఉంది.

మిగిలిపోయిన బట్ట ముక్కలు ఏరి, ఉతికి, అతికి, లోపల అస్తర్ వేసి, పట్టీలు బిగించి ఒక సంచి కుట్టి ఇస్తే ఎంత? దీనికి మాత్రం అంకె లేదు. "ముక్కలే గదక్కా, ఏదో ఒకటిస్తా తీ" అన్నదే దాని రేటు.

నేను కరీంనగర్‌లో జాకెట్లు కుట్టేదాన్ని. మిషన్ పక్కన గోడకు రేట్ల కాగితం అంటించి ఉంటుంది. సాదా జాకెట్‌కు ఒక ధర, లైనింగ్ జాకెట్‌కు దాదాపు రెట్టింపు. దాన్ని చూసి ఎవరూ ఎదురు మాట్లాడరు. లైనింగ్ అంటే రెండు జాకెట్లు కుట్టి ఒకటి చేసినంత పని అని అందరికీ తెలుసు. అదే చెయ్యి, అదే మిషన్, అదే అస్తర్ సంచికి వేస్తే మాత్రం ఆ లెక్క చెల్లదట. బట్ట తానులోంచి వస్తే పనికి కూలి ఉంది, కింద బుట్టలోంచి వస్తే లేదు. బట్ట పాతదైతే కూలి కూడా పాతబడుతుందా?

ఈ ముక్కలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కూడా చెప్పుకోవాలి. మాది బట్ట పుట్టే నేల. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి పండుతుంది. మెట్‌పల్లిలో, వావిలాలలో ఖాదీ నేస్తారు. సిరిసిల్లలో వేల సాంచాలు పాలిస్టర్ తానులూ, లంగాల కాటన్ బట్టా దింపుతుంటాయి. 2017 నుంచి కొన్నేళ్ల పాటు సర్కారు ఏటా కోటికి దగ్గరగా పంచిన బతుకమ్మ చీరల్లో చాలా భాగం అక్కడివే. ఐదున్నర మీటర్ల చీర, దాని కొసకు జాకెట్ ముక్క. పెద్ద వయసు ఆడవాళ్లకు తొమ్మిది మీటర్లది. సర్కారు బడుల యూనిఫాం బట్ట కూడా సిరిసిల్లదే. అక్కడి పెద్దూరు అపారెల్ పార్కులో ఆడపిల్లలు వరుసగా కూర్చుని దేశాలు దాటే బట్టలు కుడుతున్నారు. బట్ట ఎక్కడ కోస్తే అక్కడ ముక్క రాలుతుంది. బట్టల కర్మాగారాల్లో కోతబల్ల మీదే పది నుంచి పదిహేను శాతం బట్ట తుక్కు కింద పోతుందని ఆ రంగంలో మామూలుగా చెప్పే లెక్క. ఇంట్లో మిషన్ పెట్టుకున్న మా దగ్గరైతే చంకల దగ్గరి వంపు, మెడ గుండ్రం, చేతుల పక్కన మిగిలే మూలలు అన్నీ కాళ్ల కిందికి రాలేవే. ఇవి కిలోల లెక్కన మెకానిక్ షెడ్డుకు తుడుపు గుడ్డలుగా పోతాయి, పరుపుల్లో దూదికి బదులు పోతాయి, లేదంటే చెత్తబండి ఎక్కుతాయి.

బట్టలు కుట్టే మేరవాళ్ల ఇళ్లల్లో ఒకప్పుడు ఇవేవీ బయటికి పోయేవి కావు. చేతి సంచీ, పసిపిల్ల టోపీ, దిండు గలీబూ, అన్నీ ముక్కల్లోంచే వచ్చేవి. పత్తి ఏరే ఆడవాళ్లు నడుముకు కట్టుకునే ఒడి కూడా పాతచీరల నుంచి పుట్టిందే. ఆదిలాబాద్ చలి ఎరిగినవాళ్లకు బొంత సంగతి చెప్పక్కర్లేదు. నాలుగు పాతచీరలు పొరలుగా పరిచి, అంచు నుంచి అంచుకు చేత్తో కుట్టుకుంటూ పోతే చలికాలం గడిచిపోయేది. ఇంద్రవెల్లి, ఉట్నూరు తండాల్లో లంబాడీ ఆడవాళ్ల చేతికుట్టు సంచుల్లో అద్దాలూ గవ్వలూ వచ్చి చేరాయి. అంటే ముక్కను సంచి చేయడం ఎవరో వచ్చి శిక్షణలో నేర్పిన కొత్త విద్య కాదు. ఇక్కడ ఉన్నదే.

ఇక పని సంగతి. "ఏముంది, నాలుగు కుట్లు" అనేవాళ్ల కోసమే ఇది కాస్త వివరంగా చెబుతున్నా.

మొదట ముక్కలు ఏరాలి. కాటన్ ఒక పక్క, పాలిస్టర్ ఒక పక్క. కొత్త కాటన్‌లో గంజి ఉంటుంది, నీళ్లు తగిలితే ముడుచుకుంటుంది. దాన్ని ఒక పూట నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయకుండా కుడితే, సంచి మొదటిసారి ఉతికిన రోజే కాటన్ ముక్క గుంజుకుని పక్కనున్న పాలిస్టర్ ముక్క బుడ్డలా పొంగుతుంది. తర్వాత ప్రతి ముక్కనూ రెండు చేతులా లాగి చూసి నిలువు ఏది, అడ్డం ఏది అని తేల్చాలి. నిలువు పోగు బరువు మోస్తుంది. అడ్డం కొంచెం సాగుతుంది. క్రాసుగా తెగిన ముక్క అయితే బియ్యం పోసిన నాడే జారి వేలాడుతుంది. తాను బట్టకు ఈ తలనొప్పి లేదు, అంచు చూస్తే నిలువు తెలిసిపోతుంది. ముక్కకు అంచుండదు. చేతివేళ్లకే తెలియాలి.

ఏరిన ముక్కలను పొడుగు పట్టీలుగా అతికి, ఆ పట్టీలను మళ్లీ ఒకదానికొకటి అతికితే ఒక చదరం వస్తుంది. ప్రతి అతుకునూ ఇస్త్రీతో ఒక పక్కకు వాల్చాలి. పక్కపక్క పట్టీల అతుకులు ఎదురెదురు పక్కలకు వాలాలి. రెండూ ఒకే పక్క పడితే అక్కడ గుట్టలా లేచి మిషన్ సూది విరుగుతుంది. ఇంత చేశాక గానీ కత్తెర పట్టే వేళ రాదు. అప్పుడు పదహారు అంగుళాల వెడల్పు, పదిహేడు అంగుళాల ఎత్తు ముక్కలు నాలుగు కోస్తాం. రెండు పైకి, రెండు అస్తర్‌కు.

అస్తర్‌కు నా దగ్గర ఎక్కువగా పడేది సిరిసిల్ల పాలిస్టరే, అందులోనూ పాత బతుకమ్మ చీరలు. కట్టుకోవడానికి ఇష్టపడని చీర సంచి లోపల బంగారంలా పనికొస్తుంది. జారుతుంది కాబట్టి వస్తువు సులువుగా లోపలికి దిగుతుంది, తొందరగా తడి పీల్చదు, ఉతికితే గంటలో ఆరిపోతుంది. కుట్టేటప్పుడు మాత్రం ఏడిపిస్తుంది. సూది కింద నుంచి పాములా జరిగిపోతుంది, కోసిన అంచు నుంచి పోగులు లేస్తాయి. అందుకే కచ్చా కుట్టు వేసుకుని, ఆ తర్వాతే మిషన్ ఎక్కించాలి.

పైబట్ట రెండు ముక్కలనూ సీదాకు సీదా పెట్టి రెండు పక్కలూ, అడుగూ కుట్టాలి, అరంగుళం లోపలికి. అడుగు మూలలను త్రికోణంగా పట్టి నాలుగంగుళాల దగ్గర అడ్డంగా ఒక కుట్టు వేస్తే సంచికి పీట వస్తుంది. పీట ఉంటేనే సంచి నేల మీద నిలబడుతుంది, టిఫిన్ డబ్బా పక్కకు ఒరగదు. సింగరేణి బాయికి సద్ది పట్టుకుపోయే ఇంట్లో అడగండి, పీట లేని సంచిలో పప్పు ఏ గతి పడుతుందో చెబుతారు. అస్తర్‌నూ ఇలాగే కుట్టాలి, రెండు తేడాలతో. ఒకటి, కుట్టు ఇంకొక నూలువాసి లోపలికి వేయాలి, లేకపోతే లోపలి సంచి బయటి సంచి కంటే వదులై మడతలు పడుతుంది. రెండోది, అడుగున పిడికిలి పట్టేంత సందు కుట్టకుండా వదలాలి. ఈ సందు గురించి తర్వాత చెబుతా.

పట్టీకి నాలుగంగుళాల వెడల్పు బట్ట. రెండు అంచులూ మధ్యకు మడిచి, మళ్లీ సగానికి మడిస్తే అంగుళం పట్టీ, నాలుగు పొరలు. రెండు పక్కలా కుట్టు. సంచి ఎప్పుడు తెగినా ముందు ఇక్కడే తెగుతుంది, కాబట్టి కాలం ఎక్కువ పట్టేదీ ఇక్కడే. పట్టీ కొసలను సంచి మూతి దగ్గర, పైబట్టకూ అస్తర్‌కూ మధ్యలో పెట్టాలి. అక్కడ మిషన్ పాదం కిందికి పట్టీ నాలుగు పొరలు, పైబట్ట, దాని అతుకు, అస్తర్, ఇన్నీ ఒకేసారి వస్తాయి. పద్నాలుగో నంబరు సూది పలుకుతుంది, విరుగుతుంది. పదహారో, పద్దెనిమిదో ఎక్కించి, కరెంటు మోటారు ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ ముందుకూ వెనక్కూ మూడుసార్లు పోవాలి. ఈ చోట తొందరపడినవాళ్ల సంచి కూరగాయల సంతలో నడిబజార్లో పట్టీ వదిలేస్తుంది.

ఇప్పుడు మలుపు. సీదా బయటికి ఉన్న పైసంచిని, ఉల్టా బయటికి ఉన్న అస్తర్‌లోకి దింపాలి. లోపల రెండు సీదాలూ ఎదురెదురుగా ఉంటాయి. పట్టీలు ఆ మధ్యలో దాక్కుని ఉంటాయి. మూతి చుట్టూ కుట్టేస్తే చూడటానికి ఏ పక్కా తెరవని, తలా తోకా లేని బట్ట ముద్ద ఒకటి మిగులుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే బిక్కమొహం వేస్తారు. అప్పుడు అస్తర్ అడుగున వదిలిన సందులోంచి చెయ్యి పెట్టి మొత్తం సంచిని బయటికి లాగాలి. పైబట్ట, పట్టీలు, మూతి, అన్నీ ఆ పిడికిలి సందులోంచే పుట్టుకొస్తాయి. సందు మూసి, అస్తర్‌ను లోపలికి తోసి, మూతి ఇస్త్రీ చేసి, చుట్టూ పైన ఒక కుట్టు వేస్తే సంచి పూర్తి. లోపల చూసినా బయట చూసినా ఒక్క పచ్చి అంచు కనిపించదు, ఒక్క పోగు లేవదు. అస్తర్ లేని సంచిలో ఉల్టా పక్క అతుకులకు బియ్యం గింజలు చిక్కుకుంటాయి, పోగులు పప్పులో పడతాయి. ఈ సంచిలో రవ్వ పోసినా ఎక్కడా ఆగదు.

సగం పూట పని. ముక్కల ఏరివేత, ఉతుకుడు, ఇస్త్రీ కలుపుకుంటే ఇంకా ఎక్కువ. తానుబట్టతో అయితే ఇందులో సగం కాలం చాలు. అంటే ముక్కల సంచికి పని ఎక్కువ, నేర్పు ఎక్కువ. మన బజారు మాత్రం దీన్ని తలకిందులు చేసి, బట్ట ఊరికే వచ్చింది కాబట్టి పని కూడా ఊరికే అంటోంది.

ఇంకా మండేది కుట్టు శిక్షణల వరస చూస్తే. చాలాచోట్ల సంచి మొదటి వారం పాఠం. చేతికి కుట్టు తిన్నగా రావడానికి ముందు సంచి కుట్టిస్తారు, ఆ తర్వాత లంగా, ఆ తర్వాత జాకెట్. ఆ వారంలో కుట్టేది ఒక పొర సంచి, రెండు పక్కలు కుట్టి పట్టీ తగిలించేది. దాన్ని చూసి చూసి, సంచి అంటేనే నేర్చుకునే పిల్లల పని అని అందరి బుర్రలో నాటుకుపోయింది. ఒకే పేరు మీద చలామణి అవుతున్న ఈ రెండు సంచుల మధ్య, సాదా జాకెట్‌కూ లైనింగ్ జాకెట్‌కూ ఉన్నంత తేడా ఉంది. శిక్షణ అయ్యాక మిషన్ ఇస్తారు, వరుసగా నిలబెట్టి ఫోటో తీస్తారు. ఆర్డర్ మాత్రం ఇవ్వరు. మిషన్ ఇచ్చి ఆర్డర్ ఇవ్వకపోతే ఆ మిషన్ ఏడాదికల్లా టీవీ స్టాండ్ అవుతుంది. ఎన్ని ఇళ్లల్లో చూడలేదు!

ఇదిలా ఉంటే, ప్లాస్టిక్ మీద యుద్ధం సాగుతోందట. 2021లో కేంద్రం నిబంధనలు సవరించింది. ఆ ఏడు సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగ్ కుదరదు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాల్సిందే. మధ్యలో 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిపై నిషేధం. చాలా సంతోషం. ప్లాస్టిక్ సంచి పోతే బట్ట సంచి వస్తుందని మేం మిషన్లకు నూనె వేసుకుని కూర్చున్నాం. వచ్చింది నాన్‌వోవెన్ సంచి.

దీన్ని ఒకసారి దగ్గరగా చూడండి. పెళ్లిళ్లలో కొబ్బరికాయ, జాకెట్ ముక్క పెట్టి ఇచ్చే రంగురంగుల సంచి, బట్టల షాపువాడు ఇచ్చే మెత్తటి సంచి. ముట్టుకుంటే బట్టలాగే ఉంటుంది. వెలుతురుకు పెట్టి చూస్తే పడుగు లేదు, పేక లేదు. ఉన్నవల్లా చిన్న చిన్న చుక్కలు. అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులను వేడితో అదిమి పరిచిన రేకు. ఒక మూల నిప్పుకు చూపిస్తే కాటన్‌లా బూడిద కాదు, కరిగి గట్టి పూస అవుతుంది. నాలుగు నెలలు ఎండ తగిలిన చోట పెట్టండి, పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి ఎక్కడికి పోతుందో నేను చెప్పక్కర్లేదు. కేంద్రం నిబంధనల్లోనే దీన్ని ప్లాస్టిక్ కిందే రాసి, 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 60 గ్రాములు) కంటే పల్చటిది కుదరదన్నారు. అయినా జనం నోట అది బట్ట సంచే. చదువుకున్నవాళ్లు కూడా దాన్ని పట్టుకుని "మేం ప్లాస్టిక్ మానేశాం" అంటారు.

ఒక ఆఫీసువాళ్లు మీటింగుకు వచ్చేవాళ్లకు పంచడానికి సంచులు కావాలని మా దగ్గరికి వచ్చారు. ముక్కల సంచి చూపిస్తే చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూశారు, "అబ్బ, ఎంత బాగా కుట్టినవమ్మా" అన్నారు, ఫోటో కూడా తీసుకున్నారు. రేటు చెప్పగానే ఒకాయన నవ్వాడు. "ఇంతిస్తే హైదరాబాద్‌లో మూడొస్తయి" అన్నాడు. మూడు వచ్చాయి కూడా. తర్వాత ఒకామె చేతిలో చూశా. ఆకుపచ్చ నాన్‌వోవెన్ సంచి, దాని మీద "ప్లాస్టిక్ వద్దు" అని తెల్లటి అక్షరాలు.

మా జిల్లాల చేతిపనికి గౌరవం లేదని నేను అనడం లేదు, అంటే అబద్ధం అవుతుంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి, నిర్మల్ బొమ్మలకు, ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు ఉంది. సిరిసిల్లలో నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేస్తే దేశమంతా చెప్పుకున్నారు. అదే ఊరి వెల్ది హరిప్రసాద్ మగ్గం మీద జీ20 లోగో నేసి పంపితే 2022 నవంబరు మన్ కీ బాత్‌లో ప్రధాని ఆయన పేరు తీశారు. రావాల్సిన గౌరవమే, వాళ్లకు ఇంకా రావాలి. నా పేచీ వేరే. అద్దాల బీరువాలో పెట్టేదాన్ని కళ అంటారు. రోజూ భుజాన వేసుకుని పోయేదాన్ని ఆ మాట అనరు. అగ్గిపెట్టె చీరలో ఒక్క ఉల్లిగడ్డ పట్టదు, అయినా దానికి శాలువా కప్పుతాం. పదేళ్లు ఉల్లిగడ్డలు మోసిన సంచిని కుట్టినామెను "అక్కా, ఇంకో పది తగ్గించు" అంటాం.

ముక్కల కుట్టును గొప్పగా చూసిన చోట్లు లోకంలో లేకపోలేదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి వేసుకున్న పాత పాంట్లూ, అరిగిన చొక్కాలూ చింపి అతికిన బొంతలను 2002లో హ్యూస్టన్‌లోని మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, ఆ తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి మీద స్టాంపులు వేసింది. వాళ్లు మ్యూజియం కోసం కుట్టలేదు, ఇల్లు చలిగా ఉంటే కుట్టుకున్నారు, మన ఆదిలాబాద్ ఆడవాళ్లలాగే. మ్యూజియాలు మాకు వద్దులెండి. ఇంకో రాష్ట్రం చేసినంత చేస్తే చాలు. తమిళనాడులో 2021 డిసెంబరులో ముఖ్యమంత్రి స్టాలిన్ పసుపు బట్ట సంచిని మళ్లీ పట్టుకోండని ఉద్యమం మొదలుపెట్టారు, 'మీండుం మంజప్పై' అని. చెన్నై కోయంబేడు మార్కెట్‌లో పది రూపాయలు వేస్తే సంచి ఇచ్చే యంత్రాలు కూడా పెట్టారు. అది ఒక పొర సంచి, అస్తర్ లేనిది. దానికే సర్కారు అండ ఉంది, పేరుంది, ధర ఉంది. పత్తి పండించే మా జిల్లాల్లో, బట్ట నేసే మా జిల్లాల్లో, అంతకంటే గట్టి సంచి కుట్టేవాళ్లు ఇంటింటా ఉండి కూడా ఆ మూడింటిలో ఒక్కటీ లేదు.

కుట్టేవాళ్లతోనూ నాకు ఒక గొడవుంది. పని లేని రోజుల్లో కొందరు దారం ఖర్చుకే సంచులు ఇచ్చేస్తారు, "ఖాళీగా కూసునే బదులు" అని. కొందరు అస్తర్ అని చెప్పి అడుగు సందు మూయకుండా, మూతి పైకుట్టు వేయకుండా అమ్ముతారు. ఇంటికి పోయాక అస్తర్ నాలుకలా బయటికి వస్తుంది. కొన్నామె మళ్లీ బట్ట సంచి జోలికి రాదు. బీడీలో ఆకు కోత తప్పితే కంపెనీ ఛాట్ కింద, అంటే పనికిరానిదిగా, తీసి పడేస్తుంది, అయినా వెయ్యికి రేటు మాత్రం నిలబడుతుంది. మాకు ఛాట్ లేదు, రేటూ లేదు. మంచి కుట్టుకూ చెడ్డ కుట్టుకూ ఒకటే బేరం అయినప్పుడు మంచిగా ఎవరు కుడతారు?

కాబట్టి సర్కారును అడుగుతున్నా. యూనిఫాం కుట్టే మహిళా సంఘాలకు బట్టతో పాటు, కోయగా మిగిలిన ముక్కలను కూడా లెక్కలో రాసి, జతకు కూలి కట్టినట్టే సంచికీ ఒక కూలి కట్టండి. ఆ సంచులు ఆ బడి పిల్లలకే ఇవ్వండి, మధ్యాహ్నం తినే పళ్లెం, గ్లాసు పట్టుకుపోవడానికి. పెద్దూరులో కోతబల్ల కింద రాలే ముక్కలు తుక్కు లారీ ఎక్కే ముందు సిరిసిల్లలో బీడీలు వదిలి మిషన్ పట్టిన ఆడవాళ్ల దగ్గర ఒకసారి ఆగితే ఎవరి సొమ్మూ పోదు. వేములవాడ, కొండగట్టు, బాసర గుళ్ల దగ్గర ప్రసాదం సంచి, కొబ్బరికాయ సంచి మాతో కుట్టించండి. రేటు ఎంతో మీరే చెప్పండి, తక్కువైతే కొట్లాడతాం, కొట్లాట మాకు అలవాటే. కానీ ఒక అంకె చెప్పండి.

పెళ్లి పత్రికలు పంచుతున్న తల్లిదండ్రులకూ ఒక మాట. వచ్చినవాళ్లందరికీ నాన్‌వోవెన్ సంచి ఇచ్చి, నాలుగు నెలలకు అది ఎవరి పెరట్లోనో పొడి కావడం కంటే, దగ్గరి చుట్టాలకైనా ముక్కల సంచి ఇవ్వండి. పెళ్లికూతురి చిన్నప్పటి గౌన్ల బట్ట తెచ్చి ఇచ్చినా అతికి పెడతాం.

కొనేవాళ్లను బేరం ఆడొద్దని అననండీ, బేరం ఆడకుండా కొంటే మాకే అనుమానం వస్తుంది. ఆడే ముందు మాత్రం సంచిని ఉల్టా తిప్పి చూడండి. అతుకులు లెక్కపెట్టండి, పట్టీ పట్టుకుని గట్టిగా గుంజండి, అస్తర్ అడుగున మూసిన సందు వెతకండి. దొరక్కపోతే అది మంచి చెయ్యి. ఆ తర్వాత మీ ఊళ్లో లైనింగ్ జాకెట్‌కు కుట్టు కూలి ఎంతో గుర్తు తెచ్చుకోండి. ముక్కలకు మేం పైసా అడగడం లేదు. ఆ కూలిలో సగం ఇవ్వండి.